పలక మీద రెండు అక్షరాలు

“ఇంకో గుక్క పోసేదా మామా?”

“చాల్లే కుప్పా. ఈ చుట్ట మొదలుపెడతా. అయినాక చూస్తాం.”

మా ఇద్దరి మధ్య ఆఖరి మాటలు ఇవేనని ఏడాదిగా అడిగినవాళ్ళందరికీ చెబుతూ వచ్చాను. అబద్ధం కాదు. నేనొకటి అడిగి ఆయనొకటి చెప్పిన మాటల్లో ఇవే చివరివి. కానీ ఆ తరువాత, పొద్దు నడినెత్తికి వచ్చిన వేళ, నన్నెవరో రెండుసార్లు పిలిచారు. నేను పలకలేదు. ఈ సంగతి నా కొడుక్కి కూడా చెప్పలేదు. పిలిచింది ఆయనేనా కాదా అని నాకే తెలియనప్పుడు ఏమని చెప్పేది? పోయిన వారం ఇంట్లో ఒక పలక దొరికింది. ఇప్పుడు తెలిసింది. అందుకే ఇది రాయిస్తున్నాను.

రాసేది నా కోడలు సుజాత. నాయుడుపేట దగ్గరి పిల్ల, తెలుగు బడిలో చదువుకుంది, ఇక్కడ జిరాక్సు కొట్లో టైపు చేసే పనికి పోతుంది. నేను చెప్పేదంతా ఫోనులో పట్టుకుని, తరువాత పుస్తకాల్లో ఉండేమాదిరి దిద్ది రాస్తానంది. దిద్దుకో, కానీ లేనిది చేర్చొద్దు, ఉన్నది తీయొద్దు అన్నాను. నాకు తెలుగులో నా పేరు రాయడం వచ్చు. అరవంలో బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కోవడం వచ్చు. ఇంగ్లీషులో వచ్చింది రెండే అక్షరాలు. అవి నేర్పింది మా మామ. మామ అంటే నన్ను కట్టుకున్నవాడే, కానీ తాళి కట్టకముందునుంచే మామ. మా అమ్మకు తమ్ముడు. మా వాళ్ళలో అక్క కూతురిని చేసుకోవడం వింత కాదు.

తొండియార్‌పేటలో అప్పుడూ ఇప్పుడూ మాది ఒకే సందు. అప్పుడు రెండు పక్కలా పెంకుటిళ్ళు, ఒకరి గోడకు ఒకరు ఆనుకుని, సందు చివర అందరికీ కలిపి ఒక కొళాయి. హార్బరు గాలి వీస్తే ఎండు చేపల వాసన, గాలి ఆగితే మా ఇంటి వాసన. మా ఇంటి వాసన అంటే వార్నిషు. ముందు వసారాలో మామ మోటార్లు చుట్టేవాడు. కాలిపోయిన ఫ్యాను మోటారు వస్తే లోపలి పాత తీగను కోసి లాగి, కొత్త రాగి తీగ చుట్టి, వార్నిషు ముంచి, ఎండలో ఆరబెట్టడం ఆయన పని. కాలిన తీగ వాసన, దాని మీద వార్నిషు వాసన, లోపల అవ్వ తమలపాకు వాసన, పొద్దు కూకినాక అమ్మ తెచ్చే మిరపకాయల ఘాటు. అమ్మ గోడౌన్లో మిరపకాయలు ఏరే పనికి పోయేది. కళ్ళు ఎర్రగా చేసుకుని వచ్చి, మా మీద చెయ్యి వెయ్యకుండా ముందు కొళాయి దగ్గరికి పోయి మోచేతుల దాకా కడుక్కునేది. నాన్న లారీ మీద ఉండేవాడు, ఇంట్లోకన్నా దారిలో ఎక్కువ. కాబట్టి పగలంతా ఇంట్లో అవ్వ, నేను, వసారాలో మామ.

అవ్వ అంటే మా అమ్మకూ మామకూ తల్లి. చీకటితో లేచి వాకిట్లో నీళ్ళు చల్లేది, బెల్లం కాఫీ కాచేది, మామకు ఇత్తడి లోటాలో, నాకు దాని మూతలో. వంట, గిన్నెలు, బియ్యంలో రాళ్ళు, అన్నీ గబగబా అయిపోయేవి. పెరంబూరు రైళ్ళ వర్క్‌షాపు కూత గాలి అనుకూలంగా ఉంటే మా దాకా వినపడేది. మధ్యాహ్నం కూత పడగానే అవ్వ చేతిలో ఏ పని ఉన్నా వదిలేసి, గడప పక్కన చెక్క పీట తలకింద పెట్టుకుని, కొంగు ముఖం మీద కప్పుకుని పడుకునేది. నిద్రపోయేది కాదు. కొంగు కింద కళ్ళు తెరుచుకునే ఉండేవని నాకు తెలుసు, ఎందుకంటే నేను గడప వైపు ఒక అడుగు వేస్తే చాలు, నా కాలు పట్టుకునేది.

“యాడికి?”

“కొళాయి కాడికి అవ్వా.”

“ఇప్పుడొద్దు. నడిమిట్ట పొద్దు. ఎవురన్నా పిలిస్తే?”

“పిలిస్తే పలుకుతా.”

“నోరు కుట్టేస్తా. మూడోసారి పిలిచినాక పలకాల. మనిషైతే మూడుసార్లు పిలస్తాడు. అదైతే ఒకసారి పిలస్తాది, మించితే రెండు. మూడోది దాని చేత కాదు.”

‘అది’ ఏదో అవ్వ ఎప్పుడూ చెప్పలేదు. చెప్పాల్సిన పని లేకపోయింది, ఎందుకంటే నాకు ముందు మా అమ్మకు ఒక ఆడబిడ్డ పుట్టి, నాలుగేళ్ళు పెరిగి, పోయింది. పేరు లక్ష్మి, అందరూ లచ్చి అనేవాళ్ళట. ఒక మధ్యాహ్నం ఇంట్లో ఆడుకుంటూ ఉన్నది ఉన్నట్టుండి తలెత్తి, “వస్తాండా” అని బదులు చెప్పి బయటికి పోయిందట. పిలిచిన గొంతు ఎవరికీ వినపడలేదు. అవ్వ పోయి చూస్తే కొళాయి కింద తడి రాయి మీద ఒక్కతే కూర్చుని ఉంది. సాయంత్రానికి ఒళ్ళు కాలింది. మూడో రోజు లేదు. ఏడాది తిరగకముందే నేను పుట్టాను. లచ్చికి ఉన్నట్టే నాకూ ఎడమ చెవి వెనక నల్లటి మచ్చ ఉందని అవ్వ చూసింది. పదకొండో రోజు నన్ను చాటలో పడుకోబెట్టి సందు చివర చెత్తకుప్ప మీద పెట్టి వచ్చారు. పక్కింటామె ఎత్తుకొచ్చి, నాకీ బిడ్డ దొరికింది కొంటారా అంటే, అవ్వ గుప్పెడు తవుడు ఇచ్చి కొనుక్కుంది. కుప్ప మీది బిడ్డ, తవుడుకు కొన్న బిడ్డ అయితే మళ్ళీ ఎవరూ ఆశపడి పిలుచుకుపోరని. అందుకే నేను కుప్పమ్మను. మామ పిలిచేది కుప్పా అని.

ఇప్పుడు మామ పలక సంగతి. మామ దగ్గర చెక్క చట్రం ఉన్న రాతి పలక ఒకటి ఉండేది, చిన్నప్పుడు బడికి పట్టుకుపోయింది. తీగ చుట్టే మిషను చేత్తో తిప్పేది. తిప్పిన చుట్లు లెక్కపెట్టుకోవాలి. ఒక్క చుట్టు తక్కువైనా ఎక్కువైనా మోటారు వేడెక్కుతుంది. లెక్క ఆయన నోట్లోనే నడిచేది, పెదాలు మాత్రం కదిలేవి. ఆ సమయంలో ఎవరు వచ్చి ఏమడిగినా ఎడమ చెయ్యి ఎత్తి ఆగమనేవాడు, నోరు తెరిచేవాడు కాదు. ఒకసారి ఇంటి ముందు ఆవు వచ్చి ఆరబెట్టిన చీర నములుతుంటే చెయ్యి ఎత్తి ఆవునే ఆగమన్నాడు. తప్పనిసరిగా లేవాల్సి వస్తే, ఆ చుట్టు పూర్తి చేసి, తీగ సడలకుండా వేలితో అదిమి పట్టి, రెండో చేత్తో పలక మీద ఎన్నో చుట్టో రాసి, పక్కన రెండు ఇంగ్లీషు అక్షరాలు వేసి, అప్పుడు మాత్రమే నోరు తెరిచేవాడు. తిరిగి వచ్చి కూర్చోగానే మొదటి పని పలక తుడవడం. పలక మీద రాత ఉందంటే ఆయన మధ్యలో ఆగి ఉన్నాడని, తుడిచి ఉందంటే పని నడుస్తోందని.

ఆ రెండు అక్షరాలే వాకిట్లో బోర్డు మీద కూడా మొదట ఉండేవి. ఒక కాలు ముందుకు చాచి నిలబడ్డ నిండు గర్భిణి మాదిరి ఒకటి, మూడు పళ్ళ దువ్వెన మాదిరి ఇంకొకటి. ఆర్, ఈ. “ఈ రెండూ కలిస్తే రీ. రీ అంటే మళ్ళా అని” అని మామ నా వేలు పట్టుకుని పలక మీద దిద్దించాడు. బోర్డు మీద రీవైండింగ్ అంటే మళ్ళీ చుట్టడం. పలక మీద రీ అంటే ఇక్కడినుంచి మళ్ళీ. నాకు అది బాగా నచ్చింది. బొగ్గుతో గోడ నిండా రాసి అవ్వ చేత తన్నులు తిన్నాను.

అది ఎక్కడినుంచి వచ్చిందో చెప్పింది మాత్రం ఒక మాస్టారు. బడి మాని ఇంట్లో ఉన్న ముసలాయన, ఇంగ్లీషు చెప్పిన మనిషి, మా తెలుగువాళ్ళే. ఆయన టేబుల్ ఫ్యాను ప్రతి ఎండాకాలం కాలిపోయేది, అది చుట్టేదాకా వసారాలో బెంచీ మీద కూర్చునేవాడు. నేను పలక పట్టుకుని పోయి ఆ రెండక్షరాలు చూపిస్తే ఆయనకు ఉత్సాహం వచ్చింది.

“ఇది ఇంగ్లీషోళ్ళ సొంత సరుకు కాదమ్మాయ్. లాటిన్ అని ఒక భాష. వెనక రోమ్‌లో మాట్లాడినారు. ఆణ్నుంచి ఫ్రెంచోళ్ళ నోట్లో పడి, వాళ్ళ కాణ్నుంచి ఇంగ్లీషోళ్ళకు వచ్చింది. వెనక్కి అనీ, మళ్ళా అనీ రెండింటికీ అదే.”

గడప దగ్గర పడుకున్న అవ్వ కొంగు తీయకుండానే అడిగింది. “ఆ లాటినోళ్ళు ఇప్పుడు యాడుండారు సామీ?”

“లేరమ్మా. ఆ భాష ఇంట్లో మాట్లాడే బిడ్డ ఒక్కడు గూడా లేడు ఇప్పుడు.”

“భాష చచ్చిపోయి, ఈ ముక్క మాత్రం తిరగతాందా?”

“అట్లే అనుకో. దీనికి సొంతంగా నిలబడే ఒళ్ళు లేదు. ఇంకో మాట ముందర ఎక్కి కూచుంటాది. ఎక్కినాక ఆ మాట వెనక్కి తిరుగుతాది, లేదంటే అయిపోయింది మళ్ళా మొదలవుతాది. రిటర్న్ అంటే వెనక్కి తిరగడం. రిపేరు అంటే మళ్ళా సిద్ధం చెయ్యడం. ఆ టీ కొట్లో పాడతాందే రికార్డు, దాంట్లో గూడా ఉండాది. వాళ్ళ భాషలో కోర్ అంటే గుండె. మళ్ళా గుండెకాడికి తెచ్చుకోవడం, అదీ రికార్డు.”

అవ్వ లేచి కూర్చుంది. తమలపాకు ఉమ్మి వచ్చి మామ వైపు చూసింది. “ఒళ్ళు లేదంట, ఇంకొకరి మీద ఎక్కుతాదంట, పోయినదాన్ని మళ్ళా తెస్తాదంట. గాలి అంటే ఇంకేందిరా? దాన్ని రంగేసి రాయించి వాకిట్లో కట్టుకున్నాడు నా కొడుకు!”

“అది లేకుంటే మనకు కూడు లేదు మా” అని మామ అప్పుడు కొత్త చుట్ట తిప్పడం మొదలుపెట్టాడు. మాస్టారు పొట్ట పట్టుకుని నవ్వాడు. నేను నవ్వలేదు. ఆయన మోకాలి దగ్గరికి పోయి అడిగాను. “మాస్టారూ, చచ్చిపోయిన మా అక్కే మళ్ళా నేనంట. అయితే నా ముందర గూడా రీ ఉండాదా?”

నవ్వు ఆగిపోయింది. మామ తిప్పే మిషను కూడా ఆగింది. ఆయన చుట్టు మధ్యలో పలక మీద రాయకుండా ఆగడం నేను చూసింది అదొక్కసారే. మాస్టారు కళ్ళద్దాలు తీసి పంచెతో తుడుచుకుని, “లేదమ్మా. ప్రతి మాట ముందరా అది ఉండదు. రెడ్ అంటే ఎరుపు, దాంట్లో లేదు. రెస్ట్ అంటే విశ్రాంతి, దాంట్లోనూ లేదు. చూసేదానికి ఉన్నట్టే ఉంటాది, ఉండదు. నువ్వు కొత్త మాటవి” అన్నాడు. ఆయన మంచి మనిషి. అయినా ఆ రోజునుంచి అవ్వ నా చెవి వెనక మచ్చకు నూనె రాసేటప్పుడు వేలు అక్కడ కొంచెంసేపు ఎక్కువ నిలుస్తోందని నాకు అనిపించేది.

ఆ ఎండాకాలంలోనే, నాకు ఎనిమిదేళ్ళప్పుడు, అది జరిగింది. కూత పడిన తరువాత. అవ్వకు ఒంట్లో బాగాలేక నిజంగానే నిద్రపోయింది. నేను కాలు తప్పించుకుని చెంబు పట్టుకుని కొళాయి దగ్గరికి పోయాను. సందులో మనిషి లేడు, కుక్క లేదు. తలుపులన్నీ వేసి ఉన్నాయి. చెంబు కింద పెట్టి తిప్పితే నీళ్ళు సన్నగా పడుతున్నాయి. అప్పుడు నా వెనకనుంచి, ఒక చిన్నపిల్ల గొంతుతో, “లచ్చీ” అని వినపడింది.

నా పేరు కాదు. అయినా ‘వస్తాండా’ అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చేసింది. ఎప్పుడో ఒకసారి అన్న మాట మాదిరి, నోటికి అలవాటైన మాట మాదిరి. పళ్ళు బిగించాను. మళ్ళీ “లచ్చీ” అంది, ఈసారి చెవి పక్కనే, మచ్చ ఉన్న చెవి పక్కన. చెంబు నిండి నీళ్ళు పొర్లి నా కాళ్ళ మీద పడుతున్నాయి. మూడోదానికోసం నిలబడ్డాను. రాలేదు. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. అవ్వ పరుగెత్తుకొచ్చి కొళాయి కట్టేసింది. ఏమైందని అడగలేదు.

“ఎన్నిసార్లు?”

“రెండు.”

“పలికితివా?”

“లేదవ్వా.”

ఇంటికి తీసుకుపోయి ఉప్పూ మిరపకాయలూ నా చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. పొయ్యి నిండా మిరపకాయలు కాలాయి. ఎవరికీ దగ్గు రాలేదు, కంట నీరు రాలేదు. మిరపకాయల మనిషి అయిన మా అమ్మ సాయంత్రం వచ్చి ఆ బూడిద చూసి, ఘాటు రాలేదని విని, చేతులు కడుక్కోకుండానే నన్ను పట్టుకుంది.

ఆ తరువాత నేను ఎవరు పిలిచినా ఉలిక్కిపడేదాన్ని. గాలికి కొళాయి గొట్టం అట్లా కూస్తుందని, నాకు వినపడింది అదేనని మామ చెప్పి చూశాడు. నేను వినలేదు. చివరికి ఒక రోజు పలక మీద రాసి, రీ వేసి, మిషను వదిలి నా ముందు గొంతుక్కూర్చున్నాడు.

“ఇట్ల చూడు. ఈరోజునుంచి నిన్ను పిలవాల్సి వస్తే నేను మూడుసార్లు పిలస్తా. కుప్పా, కుప్పా, కుప్పా. సరేనా? రెండుతో ఆగితే అది నేను కాదు. పలకొద్దు.”

“ప్రమాణం?”

పలక మీద చెయ్యి వేశాడు. “ప్రమాణం.”

అప్పటినుంచి ఆయన నన్ను మూడుసార్లే పిలిచాడు. పెళ్ళయినాక, అవ్వ పోయినాక, కొడుకు పుట్టినాక, మనవడు పుట్టినాక. చుట్టాలు నవ్వేవాళ్ళు, “ఏందప్పా, పెండ్లాన్ని వేలం పాడతా ఉండావా” అనేవాళ్ళు. నేనూ ఎవరు పిలిచినా మూడోదానికి తప్ప పలకలేదు. సుజాత కొత్తగా వచ్చినప్పుడు మా అత్తకు చెవుడు అని పుట్టింట్లో చెప్పిందట. ఇప్పుడు ఎవరూ మూడుసార్లు పిలవరు. ఫోను మోగిస్తారు, ఎత్తకపోతే మనిషినే మరిచిపోతారు. కాలిపోయిన ఫ్యాను చుట్టించేవాళ్ళు లేరు, పారేసి కొత్తది కొంటారు. వాకిట్లో బోర్డు తీసి ఎన్నో ఏళ్ళయింది. మా సందులో పెంకుటిల్లు ఒక్కటి లేదు, కొళాయి ఉన్న చోట బైకులు నిలబెడతారు. మనలి ఫ్యాక్టరీల వైపునుంచి గాలి మళ్ళితే కుళ్ళిన గుడ్ల వాసన తప్ప ఇంకో వాసన తెలియదు. అయినా మామ చెయ్యి ఊరికే ఉండలేక ఎవరిదో ఒక పాత మోటారు తెచ్చుకుని, చెక్క అచ్చు మీద తీగ చుట్టుకుంటూ ఉండేవాడు.

పోయిన ఏడాది ఆ రోజు కూడా అంతే. కొడుకు డ్యూటీకి పోయాడు, సుజాత కొట్టుకు, మనవడు బడికి. ఇంకో గుక్క కాఫీ వద్దన్నాడు. నేను లోపలికి పోయాను. మధ్యాహ్నం అన్నం వారుస్తున్నాను. వసారాకూ వంటింటికీ మధ్య పది అడుగులు.

“కుప్పా.”

గిన్నె మూత మీద నా చెయ్యి ఆగింది.

“కుప్పా.”

రెండోది మొదటిదానికన్నా తక్కువ గొంతు. గంజి చుక్కలు చుక్కలుగా పడుతోంది. నేను మూడోదానికోసం చూశాను. చుక్కలు ఆగిపోయాయి. రాలేదు. ఎనిమిదేళ్ళప్పటి ఆ తడి నా అరికాళ్ళకు మళ్ళీ తగిలింది. రెండుతో ఆగింది, ఆయన కాదు అనుకున్నాను. చిటికెడు ఉప్పు పొయ్యి మీద వేశాను. ఇది రాయి సుజాతా, వదిలేయొద్దు: వంటింటి తలుపు దగ్గరికి వేసి గడియ పెట్టుకున్నాను. కూర దించి, చారు పోపు వేసి, కంచం కడిగి, అప్పుడు తలుపు తీసి వసారాలోకి పోయాను. ఆయన గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఒక చెయ్యి మిషను పిడి మీద. అచ్చు మీద సగం చుట్టిన తీగ.

గుండె ఆగిందన్నారు. నిమిషాల్లో అయిపోయి ఉంటుందన్నారు. ఇంటినిండా జనం, బల్ల జరిపారు, సామాను జరిపారు. నేను ఒక మూల కూర్చుని ఒకటే తలుచుకున్నాను. తీగ సగంలో ఉంది. సగంలో ఉంటే ఆయన నోరు తెరవడు. తెరవాలంటే ముందు పలక మీద రాయాలి. పలక ఎక్కడా లేదు. కాబట్టి ఆయన పిలవలేదు. పిలిచింది అదే. ఆ సగం చుట్టను అచ్చుతో సహా గుడ్డలో కట్టి నా పెట్టెలో పెట్టుకున్నాను. ఆ ఒక్క లెక్క పట్టుకుని ఏడాది బతికాను.

పోయిన వారం వానకు వసారా గోడ చెమ్మగిలితే సుజాత బల్ల లాగి ఊడ్చింది. బల్లకూ గోడకూ మధ్య ఇరుక్కున్న పలక బయటపడింది.

“అత్తా, ఇదేందో ఫ్యాను కంపెనీ పేరూ నంబరూ రాసుండారు. పారేసేదా?”

నాకు చదవడం రాదని దానికి తెలుసు, అయినా చూపించింది. చూశాను. నిండు గర్భిణి, మూడు పళ్ళ దువ్వెన. పక్కన అంకెలు, రెండు వందల ముప్పై ఏడు. చివరి ఏడు తోక వంకరపోయి చట్రం మీదికి జారింది.

ఇది వేరే రోజు రాత ఎందుకు కాకూడదు, తుడవడం మరిచి ఉండొచ్చుగా అని సుజాత అంది, నేను చెప్పినాక. పెట్టెలోంచి చుట్ట తీశాను. ఒక కొస నేను పట్టుకున్నాను, సుజాత అచ్చు తిప్పి విప్పుతూ లెక్కపెట్టింది. వసారాలోంచి హాల్లోకి, హాల్లోంచి వంటింట్లోకి, మళ్ళీ వెనక్కి, రాగి తీగ ఇల్లంతా పాకింది. మధ్యాహ్నం ఎండ దాని మీద పడి సన్నగా మెరుస్తోంది. అడుగు ఎక్కడ వెయ్యాలో తెలియలేదు. సుజాత గొంతు రెండు వందలు దాటినాక చిన్నదైపోయింది. “రెండు వందల ముప్పై ఆరు. అత్తా, రెండు వందల ముప్పై ఏడు.” అచ్చు ఖాళీ అయింది. ఆయన ఆఖరి పని నేను విప్పేశాను.

“మీరు పోయుండినా ఏమీ అయ్యేది కాదేమో అత్తా.”

“కాకపోవచ్చు మే. నేను అడిగేది అది కాదు. ఆయన చుట్టు పూర్తి చేసినాడు, లెక్క రాసినాడు, మళ్ళా వచ్చి కూచోవాలని రీ గూడా వేసినాడు. అప్పుడు పిలిచినాడు. పాడు గుండె మూడోదానికి ఊపిరి ఇయ్యలేదు. నేను గడియ పెట్టుకున్నా.”

సుజాత నా పక్కన కూర్చుని ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు, ఎందుకంటే అదే క్షణంలో ఇంకొకటి తట్టింది. ఇదీ ఎవరికీ చెప్పలేదు. ఆయన పోయినప్పటినుంచి, రోజూ నేను అన్నం వార్చే వేళకు, వసారా వైపునుంచి ఒక పిలుపు వస్తుంది. “కుప్పా” అని. ఒక్కసారే. ఒక్కసారే కాబట్టి అవ్వ లెక్క ప్రకారం అది మనిషి కాదు, పలకకూడదు. ఏడాది పొడుగునా పళ్ళు బిగించి గంజి వారుస్తూ నిలబడ్డాను. కానీ ఆ రోజు రెండు పిలిచింది ఆయనే అయితే, రోజూ వచ్చే ఈ ఒక్కటి ఎన్నోది? మూడోది దాని చేత కాదని అవ్వే చెప్పింది. అయితే ఇది దానిది కాదు. మామ ప్రమాణం తప్పే మనిషి కాదు.

మరునాడే పలుకుదామని నిలబడ్డాను. నోరు రాలేదు. అరవై ఏళ్ళుగా బిగించిన పళ్ళు ఊరికే వదులుతాయా? సుజాతా నేనూ కలిసి ఆ తీగను మళ్ళీ అచ్చు మీద చుట్టాం, రెండు వందల ముప్పై ఏడు దగ్గర ఆపాం. పలక తుడవనివ్వలేదు. ఆయన వచ్చి కూర్చుని తుడవాలి అది.

సుజాత ఫోను నా ముందు పెట్టి, రికార్డు అవుతాంది అత్తా, చెప్పండి అంటే నాకు మాస్టారు గుర్తొచ్చాడు. మళ్ళీ గుండె దగ్గరికి తెచ్చుకోవడం. తెచ్చుకున్నాను. ఇంక నేను దాచిపెట్టింది ఏమీ లేదు. చాలమ్మా, ఫోను ఆపు. రాసింది తెచ్చి మొదటినుంచి చదివి వినిపించు, మెల్లగా, ఈ వసారాలోనే కూర్చుని. వంటింటి తలుపు తీసే ఉంచాను, నేను పొయ్యి దగ్గర ఉంటాను, అన్నం ఉడికింది. ఆయన పిలిచిన చోటికి వచ్చినప్పుడు రెండుసార్లే చదువు, రాసిందే చదువు, చదివి ఆగు. మూడోది నువ్వు అనొద్దు. అది వస్తుంది, పలకాల్సింది నేను. చదువు సుజాతా.